పాత గేర్ల స్కూటర్ రోడ్డెక్కొచ్చా? ఇంటి దగ్గరే తేల్చుకునే తనిఖీ

"తనిఖీలో పాసైంది కదా, ఇక దూరం తీసుకెళ్లొచ్చా?" పాత వెస్పానో లాంబ్రెటానో చేతకో బాగు చేయించుకున్నవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఇదే. ఆ కాగితం ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. తనిఖీ చేసినవాళ్ల తప్పేం లేదు. వాళ్లు బండిని చూసేది కాసేపే, అదీ ఇంజన్ చల్లగా, బండి నిలబడి ఉన్నప్పుడు. పాత టూ స్ట్రోక్ స్కూటర్ దారిలో ఆగిపోయేలా చేసే లోపాలు మాత్రం ఇంజన్ బాగా వేడెక్కాక, బండి మీద బరువు పడ్డాక బయటపడతాయి. హారన్ మోగింది, లైటు వెలిగింది, బ్రేకు పట్టింది అన్నవి ఆ నిమిషానికే నిజం.

చట్టం కూడా ఈ విషయంలో మీకు పెద్దగా తోడు రాదు. బ్రిటన్‌లో 2018 మే నుంచి, పెద్ద మార్పులేమీ చేయని 40 ఏళ్లు దాటిన బళ్లకు ఏటా పరీక్ష తప్పనిసరి కాదు. అయినా రోడ్డుకు పనికిరాని బండి నడిపితే బాధ్యత నడిపినవాళ్లదే. భారత్‌లో సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిశాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ ఐదేళ్లలో బ్రేకు లైనింగు అరిగిపోవచ్చు, పెట్రోలు గొట్టం పగలొచ్చు. మధ్యలో చూసుకోవాల్సింది మీరే.

ఇక్కడ రాసింది చేత్తో గేర్లు మార్చే, డ్రమ్ బ్రేకులున్న, 8 లేదా 10 అంగుళాల చక్రాల టూ స్ట్రోక్ స్కూటర్లకు. వెస్పా 1946లో, లాంబ్రెటా 1947లో మొదలయ్యాయి. వెస్పా స్ప్రింట్ ఆధారంగా బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. వివరాల్లో తేడాలున్నా ఈ బళ్ల జబ్బులు చాలావరకు ఒకటే.

తనిఖీ నమ్మదగ్గదా కాదా అన్నదానికి నా కొలమానం ఒకటే: అదే పరీక్ష రేపు మళ్లీ చేసినా అదే ఫలితం రావాలి. అందుకే "బాగానే ఉంది" అని రాసుకోవద్దు, అంకె రాసుకోండి. ముఖ్యమైన పరీక్షలు మూడుసార్లు చేయండి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బాగా వేడెక్కాక, 50 కిలోమీటర్లు నడిపి మళ్లీ చల్లారాక.

కావాల్సినవి

- మీ మోడల్ మాన్యువల్. బిగింపు లెక్కలు, ఆయిల్ పాళ్లు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఇది తప్పనిసరి
- స్పానర్ల సెట్టు, ప్లగ్ స్పానర్, వీలైతే టార్క్ రెంచ్
- ఫీలర్ గేజ్, టైరు గాలి కొలిచే గేజ్, కొలత టేపు
- మల్టీమీటర్
- చిన్న అయస్కాంతం, టార్చి, చిన్న అద్దం
- కొలత గీతలున్న ప్లాస్టిక్ కప్పు, తెల్లటి పాత గుడ్డలు, పెద్ద అట్టముక్క
- బండి ఎత్తి నిలపడానికి గట్టి చెక్క దిమ్మలు, పట్టుకోవడానికి ఇంకో మనిషి
- ఒక నోటుబుక్కు, పెన్ను

టార్క్ రెంచ్ లేకపోతే వెనక చక్రం మధ్య నట్టు బిగింపు మాత్రం అది ఉన్నవాళ్ల చేత చేయించండి. మిగతావి మామూలు స్పానర్లతో నడిచిపోతాయి.

1. ముందు కడగొద్దు

తనిఖీ అనగానే చాలామంది బండిని తళతళలాడేలా కడుగుతారు. దాంతో ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో చెప్పే జాడంతా పోతుంది. బండిని మురికిగానే ఉంచి, రాత్రి కింద అట్టముక్క పరిచి పెట్రోలు నాబ్ మూసి వదిలేయండి. పొద్దున అట్ట మీద మరకలు చూడండి. వెనక చక్రం కింద జిడ్డుగా ఉందంటే హబ్ ఆయిల్ సీలు పోయి ఉండొచ్చు. అదే ఆయిల్ వెనక బ్రేకు లైనింగు మీదికీ చేరుతుంది కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. కార్బొరేటర్ కింద ఆరిపోయిన అంచు మరక, పెట్రోలు వాసన ఉంటే నాబ్ సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా గొట్టం పగిలింది.

మరకలన్నీ ఫొటో తీసుకున్నాక అప్పుడు కడగండి.

2. ఫ్రేము, తుప్పు

వెస్పా రకం బళ్లకు విడిగా ఫ్రేము ఉండదు. రేకుతో చేసిన బాడీయే మొత్తం బరువు మోస్తుంది. కాబట్టి తుప్పు పడితే పోయేది అందం ఒక్కటే కాదు, బండి బలమే పోతుంది. లాంబ్రెటాలో లోపల గొట్టపు ఫ్రేము ఉంటుంది కాబట్టి పక్క రేకుల తుప్పుకు కంగారు అక్కర్లేదు. గొట్టం వెల్డింగు అతుకులు, స్టీరింగు గొట్టం మొదలు, ఇంజన్ పట్టుకునే చోటు మాత్రం వదలకుండా చూడాలి.

అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి, రంగు గీసుకుపోకుండా బాడీ మీద నెమ్మదిగా జరపండి. మంచి రేకు మీద టక్కున పట్టుకుంటుంది. పట్టు సడలిందంటే లోపల పుట్టీ దట్టంగా ఉంది. కాలు పెట్టే ఫ్లోరు, ఫ్లోరు కింద అడ్డపట్టీలు, స్టాండు బోల్టులు పడే చోటు, వెనక బ్రేకు పెడలు చుట్టూ, వెనక షాక్ అబ్జార్బర్ పై కొస, స్టెప్నీ వెనకాల, ముందు రేకు స్టీరింగు గొట్టాన్ని కలిసే చోటు: ఇవన్నీ తాకాలి. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు చప్పగా పలుకుతుంది.

ఆ తర్వాత ఇంకో పరీక్ష. బండిని స్టాండు మీద పెట్టి, ఒకరు సీటు వెనక పట్టుకుని పైకి కిందికి ఊపాలి, ఇంకొకరు టార్చితో స్టాండు బోల్టుల దగ్గర ఫ్లోరును చూడాలి. అక్కడ రేకు ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ కదిలితే తనిఖీ అక్కడితో ఆపేయండి. ముందు వెల్డింగు పని, తర్వాతే మిగతావి.

కొత్తగా రంగు వేసిన బండిని ఎక్కువగా అనుమానించండి. పాత రంగుతో, అక్కడక్కడ పైపైన తుప్పుతో ఉన్న బండి తన పరిస్థితి దాచుకోదు.

3. చక్రాలు, టైర్లు

మొదట టైరు వయసు. టైరు పక్కన డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అక్కడ మూడే అంకెలుంటే ఆ టైరు 2000కు ముందుది. అలాంటిది ఎంత కొత్తగా కనిపించినా తీసేయాల్సిందే. మూల పడి ఉన్న బళ్లకు అరగని టైర్లుంటాయి, చూస్తే ముచ్చటేస్తుంది, కానీ రబ్బరు రాయిలా గట్టిపడి తడిరోడ్డు మీద పట్టుండదు. పదేళ్లు దాటితే పువ్వు (టైరు మీది గాళ్లు) ఎంత లోతున్నా మార్చండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

గాలి మాన్యువల్ ప్రకారం పెట్టాలి. పీఎక్స్ రకం వెస్పాల్లో ముందు సుమారు 18 పీఎస్ఐ, వెనక ఒక్కరికి 25, ఇద్దరికి 36. ముందూ వెనకా ఒకే గాలి కొట్టించేవాళ్లు చాలామంది. ముందు టైరు అలా గట్టిగా ఉంటే గుంతల్లో హ్యాండిల్ అదురుతుంది, మనం స్టీరింగు పాడైందనుకుంటాం.

హెచ్చరిక: ఈ బళ్ల రిమ్ము రెండు ముక్కలు. కొన్ని నట్లు చక్రాన్ని డ్రమ్ముకు బిగిస్తాయి, మిగిలినవి ఆ రెండు ముక్కల్ని ఒకటిగా పట్టి ఉంచుతాయి. చక్రం ఊడదీసేటప్పుడు ఏవి ఏ నట్లో మాన్యువల్‌లో చూసుకుని, డ్రమ్ముకు పట్టినవే విప్పాలి. గాలి నిండుగా ఉండగా రెండో రకం నట్లు విప్పితే రిమ్ము ముక్కలు పేలినట్టు విడిపోయి చేతులు, ముఖం పగులుతాయి. టైరు మార్చాలంటే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయిందని చేత్తో నొక్కి చూశాకే వాటి జోలికి వెళ్లండి. తిరిగి బిగించేటప్పుడు ముక్కల మధ్య ట్యూబు నలగకుండా కొద్దిగా గాలి పెట్టి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి.

వెనక చక్రం మధ్య నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉందా? లేకపోతే బండి కదపొద్దు. ఉన్నా సరే, బిగింపు చూడాలి. ఇంజన్ ఆపి గేర్లో ఉంచి చక్రాన్ని ముందుకు వెనక్కి ఆడించండి. గేర్ల వల్ల కొంత కదలిక మామూలే. కానీ మధ్యలో ఇరుసు కొస నిశ్చలంగా ఉండి, డ్రమ్ము ఒక్కటే కదులుతుంటే లోపలి పళ్లు అరిగిపోయాయి. నట్టు బిగిస్తే సరిపోదు, డ్రమ్ము మార్చాలి. ఈ లోపం నిలబడి చేసే తనిఖీలో అస్సలు దొరకదు. ఒకరోజు గేరు వేసి యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు.

4. స్టీరింగు, సస్పెన్షన్

ముందు చక్రం గాల్లో ఉండేలా ఫ్లోరు కింద దిమ్మ పెట్టండి. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. మధ్యలో, అంటే నేరుగా వెళ్లే చోట, పట్టి వదిలినట్టుంటే కోన్ సెట్టులో (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) గుంటలు పడ్డాయి. బిగిస్తే లూజు పోతుంది గాని గుంటలు పోవు, మార్చాల్సిందే. తర్వాత చక్రం కింది భాగం పట్టుకుని ముందుకు వెనక్కి లాగి చూడండి. టక్ అన్న చప్పుడు పై నుంచి వస్తే కోన్ సెట్టు, కింది నుంచి వస్తే ఫోర్కు లింకు పిన్నో బేరింగో.

వెనక చక్రాన్ని పక్కలకు నెట్టండి. చక్రం ఒక్కటే ఊగితే బేరింగు. ఇంజన్‌తో సహా ఊగితే ఇంజన్‌ను బాడీకి కలిపే రబ్బరు బుష్‌లు పోయాయి. వెస్పా రకాల్లో ఇంజన్ బరువు కుడివైపు ఉంటుంది కాబట్టి బండి కాస్త ఒక పక్కకు లాగినట్టుండడం సహజం. అది చూడ్డానికి నడుపుతూ హ్యాండిల్ వదిలే ప్రయోగాలు వద్దు.

5. బ్రేకులు

దీనికి ఒక పూట కేటాయించండి.

డ్రమ్ము తీసేటప్పుడు మాస్కు పెట్టుకోండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి దుమ్ము ఊదొద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. లైనింగు 2 మిల్లీమీటర్లకన్నా పల్చబడితే మార్చండి. అద్దంలా మెరుస్తుంటే సన్నటి ఎమిరీ కాగితంతో, తడిపి, పైపొర తీయండి. ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ వాడొద్దు. ఆ రోజుకు పడుతుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ పైకి వచ్చి మళ్లీ జారుతుంది. సీలు, లైనింగు రెండూ ఒకేసారి మార్చాలి.

బయట బ్రేకు ఆర్మ్ చూడండి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు ఆర్మ్‌కూ కేబుల్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలు దాటకూడదు. దాటిందంటే ఎంత నొక్కినా బలం లోపలికి పోదు. కేబుల్ ఇంకాస్త బిగించి సరిపెట్టేస్తారు చాలామంది. అసలు అరిగింది లైనింగో, లోపల క్యామో, అది చూడాలి.

ఇక కొలిచే పరీక్ష. పొడిగా, సమతలంగా, ఎవరూ రాని చోటు చూసుకోండి. నేల మీద గీత గీయండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ కలిపి నొక్కి, ఆగిన దూరం టేపుతో కొలవండి. పాత స్పీడోమీటరును నమ్మొద్దు, వేగం ఫోన్‌లో జీపీఎస్ చూపించేది తీసుకోండి, ఫోన్ హ్యాండిల్ దగ్గర గట్టిగా బిగించుకుని. ఇలా మూడుసార్లు. 10 మీటర్లు దాటితే నేనైతే ఆ బండిని రోడ్డు మీదికి తీయనివ్వను. ఈ దూరం ఎంత ముఖ్యమో, మూడు కొలతల మధ్య తేడా కూడా అంతే ముఖ్యం. 8, 8.5, 8 వస్తే ఆ బ్రేకును నమ్మొచ్చు. 7, 10, 8 వస్తే సగటు బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ లోపల ఏదో పట్టి వదులుతోంది. తనిఖీలో ఒక్కసారే నొక్కుతారు. ఆ ఒక్కసారి 7 వస్తే పాసే.

6. కేబుళ్లు

క్లచ్, ముందు బ్రేకు, వెనక బ్రేకు, రెండు గేరు కేబుళ్లు, యాక్సిలరేటర్. ప్రతిదాని నిపిల్ (కొసనున్న లోహపు గుండు) దగ్గర టార్చి వేసి, కేబుల్‌ను గోటితో కాస్త వంచి చూడండి. తెగడం మొదలైన కేబుల్‌లో ఒకటి రెండు తీగలు వెంట్రుకల్లా లేచి వేలికి గుచ్చుకుంటాయి. ఒక్క తీగ లేచినా మార్చేయండి, ఇంకో వారం లాగుతుందేమో అని చూడొద్దు.

యాక్సిలరేటర్ వదలగానే దానంతట అదే టక్కున మూసుకోవాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. ఎటు తిప్పినప్పుడైనా ఇంజన్ వేగం పెరిగితే కేబుల్ లోపల ఎక్కడో ఇరుక్కుంటోంది. మలుపులో ప్రమాదం తెచ్చే లోపం ఇదే.

7. పెట్రోలు

గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే, గట్టిపడితే, ఉబ్బి మెత్తబడితే మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తొందరగా పాడుచేస్తుంది, కాబట్టి దానికి తట్టుకునే గొట్టమే వేయండి. ట్యాంకులోకి టార్చి వేసి (మంట, ఫోన్ ఫ్లాష్ కాదు, సీలు చేసిన టార్చి) తుప్పు చూడండి. నాబ్ తెరిచి సీసాలోకి కాసేపు పెట్రోలు పట్టండి. ధార మొదట బాగా వచ్చి క్రమంగా సన్నబడితే మూత రంధ్రం మూసుకుపోయింది. కొన్ని కిలోమీటర్లు నడిచి ఆగిపోయి, మూత తెరవగానే మళ్లీ స్టార్ట్ అయ్యే బళ్ల కథ ఇదే.

ఆయిల్ పాళ్లు ఎవరో చెప్పినట్టు కాకుండా మీ మాన్యువల్‌లో ఉన్నట్టు కలపండి. 2 శాతం సరిపోయే ఇంజన్లున్నాయి, 4 శాతం కావాల్సినవీ ఉన్నాయి. తక్కువైతే ఇంజన్ సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి.

8. కరెంటు

బ్యాటరీ లేని పాత బళ్లలో లైట్లకు కరెంటు నేరుగా మ్యాగ్నెటో (ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే భాగం) నుంచి వస్తుంది. ఐడిల్‌లో లైటు మసకగా ఉండి, యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరగడం లోపం కాదు. ఇక్కడ తరచూ జరిగే తప్పు: మల్టీమీటర్‌ను డీసీ మీద పెట్టి కొలిచి "కరెంటే రావట్లేదు" అని కాయిల్ మార్పించడం. ఆ లైట్లది ఏసీ. మీటరు ఏసీ మీద పెట్టండి.

6 వోల్టుల పాత పద్ధతిలో వోల్టేజీని అదుపులో ఉంచేది బల్బులే. అందువల్ల ప్రతి బల్బు వాటేజీ మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి. హెడ్‌లైటు మాడితే దాని వాటా కరెంటు వెనక లైటు మీద పడి అదీ మాడుతుంది. వెలుగు బాగుంటుందని ఒక్క బల్బు స్థానంలో తక్కువ వాట్ల ఎల్‌ఈడీ పెట్టినా ఇదే జరుగుతుంది.

కొన్ని పాత వెస్పాల్లో బ్రేకు లైటు స్విచ్ ఇప్పటి బళ్లకు వ్యతిరేకం: పెడలు నొక్కనప్పుడు మూసి ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. దుకాణంలో ఇచ్చిన స్విచ్ బిగించే ముందు మీటరుతో చూసుకోండి.

హెడ్‌లైటు గురి: గోడకు 5 మీటర్ల దూరంలో, సీటు మీద మనిషి కూర్చుని ఉండగా, డిప్ వెలుగు పై అంచు దీపం ఎత్తుకన్నా సుమారు 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి.

9. చల్లటి ఇంజన్

ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటర్లు, పాయింట్లు (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్) ఉన్న బళ్లకు వాటి గ్యాపు 0.3 నుంచి 0.5. మాన్యువల్ వేరే చెప్తే అదే ఖాయం.

గేర్ ఆయిల్ దించి కొలవండి. పీఎక్స్ రకానికి 250 మిల్లీలీటర్ల ఎస్‌ఏఈ 30 పడుతుంది. 250 పోసిన చోట 150 వచ్చిందనుకోండి, బయట చుక్క కారలేదనుకోండి, ఆ ఆయిల్ ఎక్కడికి పోయింది? క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయి ఇంజన్ దాన్ని తాగేసింది. అలాంటి బండి వేడెక్కాక కూడా తెల్లటి దట్టమైన పొగ మానదు, ప్లగ్గు జిడ్డుగా ఉంటుంది. దించిన ఆయిల్‌లో వేలు ముంచి తెల్లగుడ్డకు రాయండి. సన్నటి బూడిద రంగు మెరుపు పర్వాలేదు, కంటికి కనిపించే లోహపు రేకులుంటే గేరు పళ్లు విరుగుతున్నాయి. పెట్రోలు వాసన ఉందా అనీ చూడండి.

కిక్కు కొట్టి ఎన్నో కిక్కుకు స్టార్ట్ అయిందో రాసుకోండి. తర్వాత వేడి మీద పోల్చాలి.

10. వేడి మీద పరీక్ష

ఇంతవరకు చేసింది మంచి మెకానిక్ ఎవరైనా చేస్తాడు. చాలామంది వదిలేసేది ఇక్కడి నుంచే. బండి నమ్మకం తేలేదీ ఇక్కడే.

ఇంటికి దగ్గర్లోనే, రద్దీ లేని దారిలో అరగంట నడపండి. ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా బిగిసినట్టు మారి వేగం తగ్గితే అది సీజ్ అవుతోంది. ఆలోచించకుండా వెంటనే క్లచ్ నొక్కి పక్కకు తీసుకోండి. బ్రేకు కోసం చూస్తే వెనక చక్రం లాక్ అయి పడిపోతారు.

నడుపుతూ చూడాల్సినవి:

- ప్రతి గేరులోనూ గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. బరువు మీద గేరు దానంతట అదే జారిపోతే మొదట కేబుళ్ల అడ్జస్ట్‌మెంటు చూడండి. అప్పటికీ జారితే లోపల గేరు సెలెక్టరు అరిగింది. చదును దారిలో మెల్లగా నడిపితే ఇది తెలియదు, ఎత్తు ఎక్కించండి.
- క్లచ్ పూర్తిగా వదిలాక ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి.
- బ్రేకు పెద్దగా వాడకుండా రెండు కిలోమీటర్లు నడిపి ఆగండి. డ్రమ్ముల దగ్గరికి చేతి వెనక భాగం తీసుకెళ్లండి, తాకొద్దు. ఒకటి సెగలు కక్కుతుంటే ఆ బ్రేకు వదలడం లేదు.

తిరిగొచ్చాక యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదలండి. ఇంజన్ ఒకటి రెండు క్షణాల్లో ఐడిల్‌కు దిగాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా దిగి, ఇప్పుడు పైనే వేలాడుతూ ఉంటే ఎక్కడి నుంచో గాలి పీలుస్తోంది: ఫ్లైవీల్ వైపు సీలు, కార్బొరేటర్ అతుకు, లేదా గ్యాస్కెట్టు. ఐడిల్ స్క్రూ తగ్గించి దీన్ని కప్పిపుచ్చొద్దు. గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడిన ఇంజనే సీజ్ అయ్యేది.

ఇప్పుడు ఇంజన్ ఆపి పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాల్లో ఫ్యాన్ గాలి లేక వేడి లోపలి భాగాలకు పాకుతుంది. తర్వాత కిక్కు కొట్టండి. చల్లగా రెండు కిక్కులకు స్టార్ట్ అయిన బండి ఇప్పుడు పది కిక్కులకూ పలకకపోతే అనుమానం కండెన్సర్, ఇగ్నిషన్ కాయిల్, స్టేటర్ (మ్యాగ్నెటోలో కదలకుండా కాయిళ్లు మోసే పళ్లెం) వైర్ల మీద. పాత స్టేటర్ వైర్ల తొడుగు గట్టిపడి పగులుతుంది, వేడికి తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు పోతుంది, చల్లారగానే మళ్లీ వస్తుంది. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లేసరికి చల్లారి ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, అతను "బండి బాగుందండీ" అంటాడు. అతనిది అబద్ధం కాదు, పరీక్ష చేసిన సమయం తప్పు.

వేడి మీదే బ్రేకు పరీక్ష మూడుసార్లు మళ్లీ చేసి, చల్లటి కొలతల పక్కన రాయండి. దూరం ఒకటిన్నర మీటర్లకు మించి పెరిగితే డ్రమ్ము మళ్లీ తెరవాల్సిందే.

11. 50 కిలోమీటర్ల తర్వాత

బండి పూర్తిగా చల్లారాక చక్రాల నట్లు, ఇంజన్ బోల్టు, షాక్ అబ్జార్బర్ నట్లు, సైలెన్సర్ బిగింపు అన్నీ మళ్లీ చూడండి. కొత్తగా రంగు వేసిన రిమ్ముల మీద నట్ల కింద రంగు నలిగి బిగింపు సడలుతుంది, ఇది చాలామందికి తెలియదు. నట్టు బిగించాక నట్టు మీద నుంచి రిమ్ము మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత గీత కలవకపోతే నట్టు తిరిగింది. చూపు వేస్తే చాలు, స్పానర్ అక్కర్లేదు.

కేబుళ్లు కొత్తవైతే కాస్త సాగి ఉంటాయి, అడ్జస్ట్ చేయండి. అట్టముక్క మళ్లీ ఒక రాత్రి పరచండి. టైరు గాలి కొలిచి మొదటి అంకెతో పోల్చండి.

ఫలితం ఎలా తేల్చాలి

నా పద్ధతి చెప్తాను. ఫ్రేము, చక్రం మధ్య నట్టు, బ్రేకు, స్టీరింగు, యాక్సిలరేటర్ కేబుల్, పెట్రోలు కారడం: వీటిలో ఒక్కటి తప్పినా బండి కదలకూడదు, మిగతావి ఎంత బాగున్నా సరే. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, గేరు జారడం, పొగ, ఐడిల్ దిగకపోవడం: ఇవి ఉంటే దగ్గరి దారులకే, అదీ బాగు చేయించే వరకే. ఐడిల్ దిగని బండిని మాత్రం ఫుల్ యాక్సిలరేటర్ మీద అసలు నడపొద్దు. హారన్ బొంగురు, ఐడిల్‌లో మసక లైటు, కాస్త గేర్ల చప్పుడు లాంటివి తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

ఒకసారి అన్నీ సరిగ్గా వచ్చినంత మాత్రాన ఆగిపోవద్దు. వారం తర్వాత బ్రేకు దూరం, వేడి కిక్కులు, ఐడిల్ మళ్లీ చూడండి. 500 కిలోమీటర్ల తర్వాత గేర్ ఆయిల్ దించి కొలవండి. అంకెలు మొదటిసారి వాటికి దగ్గరగానే ఉంటే అప్పుడు దూర ప్రయాణం పెట్టుకోండి. ఒకేసారి మూడు నాలుగు భాగాలు మార్చేయకండి. బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడితే మొదటికొస్తారు. ఒకటి మార్చడం, అదే పరీక్ష మళ్లీ చేయడం, రాసుకోవడం.

కొత్త భాగం కదా అని కళ్లు మూసుకుని నమ్మకండి. పాత బళ్లకు ఇప్పుడొచ్చే కండెన్సర్లు, ఆయిల్ సీళ్లు, కేబుళ్లలో నాసిరకం చాలా ఉంది. తీసేసిన పాత భాగం పనిచేస్తుంటే పారేయకుండా పేరు రాసి దాచండి.

అధికారిక తనిఖీకి వెళ్లేటప్పుడు ఈ నోటుబుక్కు పట్టుకెళ్లండి. 6 వోల్టుల లైటు ఐడిల్‌లో మసకగా ఉంటే, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి చూడమని మర్యాదగా అడగండి. ఇలాంటి బండి చేతికి రాని ఇన్‌స్పెక్టర్లూ ఉంటారు. మెకానిక్ దగ్గర కూడా "బండి బాలేదు" అనకుండా "చల్లగా ఐడిల్ దిగుతోంది, అరగంట నడిపాక దిగట్లేదు, గేర్ ఆయిల్ మాత్రం తగ్గలేదు" అని చదివి వినిపించండి. ఆ మూడు ముక్కలతో అతను క్లచ్ వైపు విప్పకుండా నేరుగా ఫ్లైవీల్ వైపు సీలు, కార్బొరేటర్ అతుకుల దగ్గరికి వెళ్తాడు.